లెసీబా నడక

కొన్నరోజే సెఖోబె నవ్వాడు:
"ముందు గిట్టలు రెండూ గుసగుసలాడుకుంటున్నాయిరా!"
నిజమే. లోపలికి తిరిగిన కాళ్ళు.
అడుగడుక్కీ గాల్లో గరిటె తిప్పుతాడు లెసీబా.

ఆరు వారాలకోసారి ఆకురాయి పట్టి
లోపలి అంచు కాస్త, కాస్తే, అరగదీస్తాను.
ఎముకతో పంతం పడితే
కాలే పోతుందని లాడాలు కొట్టే ముసలాయన మాట.

ఉన్ని మూటలతో మలోటి కనుమ దిగేటప్పుడు
జీను మీంచి దిగిపోతాను.
మూటలు వాడివి, నా బరువు నాది.
వాడు ఆగిన చోట నేనూ ఆగుతాను,
బూట్లలో మంచు దులుపుకునే నెపంతో.

పొద్దు గుంకాక
టక్కు, టక్కు, ట... టక్కు
ఆ తప్పిన తాళం లోయ అవతలే విని
మా ఆవిడ మొక్కజొన్న పిండికి ఎసరు పెడుతుంది.

నిరుడు సెఖోబె రెండ్రోజులకు అరువడిగాడు.
ఇవ్వలేదు.
దిగి నడిచే అలవాటు అతనికి లేదు.