ఎనభై ఒక్క శాతం

నిజ్వా కాలేజీలో నా మొదటి వ్యాసం
ఎర్రగా తిరిగొచ్చింది.
పెన్నుతో దిద్దిన ఎరుపు కాదు,
యంత్రం పూసిన ఎరుపు,
చాప మీద ఆరబోసిన మిరపకాయల్లా
వరస తర్వాత వరస.
పైన ఒక అంకె: ఎనభై ఒకటి.

నేను సంతోషపడ్డాను.
ఒట్టు. ఎనభై ఒకటంటే డిస్టింక్షన్ కదా.
నాన్నకు మెసేజ్ కూడా పెట్టేశాను.
దుకాణంలో పక్క మిషను మలయాళీ దర్జీకి
ఆయన చాయ్ తాగించాడట.

మిస్ గలియా తలుపు దగ్గరగా వేసి
నెమ్మదిగా చెప్పింది:
అది మార్కు కాదమ్మా, పోలిక.
నూటికి ఎనభై ఒక్క పాళ్లు
వేరేవాళ్ల మాటలు.
దొంగతనం అన్న పదం ఆమె వాడలేదు.
సంతకం పెట్టమని ఇచ్చిన కాగితంలో ఉంది.

ఎట్లా చెప్పను ఈమెకు?
కరీంనగర్ హాస్టల్లో రెండేళ్లు
నాలుగున్నర బెల్లుకు లేచి
బకెట్ల వరసలో నిలబడి చదివినదాన్ని.
కామా పోతే అర మార్కు పోయేది.
బొమ్మ కింది అక్షరాలతో సహా
పేజీకి పేజీ అప్పజెప్పిన రోజు
సారు నన్ను బెంచీ ఎక్కించి
చప్పట్లు కొట్టించాడు.
ఈ ఊరి ఫలజ్ కాలువల వ్యాసం
నేను అంటించలేదు మేడం,
మూడు రాత్రులు కూర్చుని కంఠతా పట్టాను.

ఇదంతా అనలేదు. ఇంగ్లీషుకు అందినంత అన్నాను.

ఆమె విని, కాసేపు ఆగి,
సరే, ఆ నీళ్ల గురించి నువ్వేమనుకుంటున్నావు? అంది.

పదమూడేళ్ల చదువులో
ఒక్కరూ అడగని ప్రశ్న.
గైడులోనూ లేదు.

ఇక్కడ మొదటి ఏడు చదువు కాదు,
చదువుకు ముందు చదువు. పునాది అంటారు.
ఆదివారం మొదలవుతుంది వారం.
క్లాసులు ఎగ్గొడితే హెచ్చరిక లెటరు,
ర్యాంకు మాత్రం లేదు.
ఎవరికెన్ని వచ్చాయో గోడకు అంటించరు.
అయినా రెండుసార్లు వెళ్లి చూశాను,
గోడ మీద
మంటలొస్తే ఎటు పరుగెత్తాలో ఉంది.

పక్క సీటు థురయ్యాకు
ఖురాన్ ముప్పై భాగాలూ నోటికొచ్చు.
క్యాంటీన్‌లో ఉక్రోషంగా అడిగాను,
నీదీ కంఠతా, నాదీ కంఠతా. తేడా ఏంటి?
ఖర్జూరం గింజ టిష్యూలో పెట్టి
ఆలోచించి అంది:
నాకు నేర్పినామె పేరు చెప్తాను.
ఆమెకు నేర్పినామె పేరూ చెప్తాను.
నువ్వెవరి పేరు చెప్పావు?

ఓహో.

రెండో వ్యాసం: ఈ ఊళ్లో ఒక చేతివృత్తి.
సూక్‌లో నాన్న దుకాణానికి నోట్‌బుక్కుతో వెళ్లాను.
మొదటిసారి, టిఫిన్ డబ్బాతో కాకుండా.
దిష్‌దాషా మెడ దగ్గర వేలాడే కుచ్చు చూపించాడు:
"దీన్ని ఫురాఖా అంటరు. అత్తరు దీనికే పూస్తరు.
ఇది అటు ఇటు అయిందా, అంగీ అంతా పాడే."
నీకెవరు నేర్పారు?
"ఎవరు నేర్పుతరు? పాతదొకటి కొన్న.
కుట్టు కుట్టు విప్పిన. మల్ల కుట్టిన.
ఏడుసార్లు.
ఎనిమిదోసారి విప్పకుండనే తెలిసింది."

మిస్‌ని అడిగాను,
పుస్తకం రాయని మనిషి పేరు ఎక్కడ పెట్టాలి?
చివరి జాబితాలో కాదు, అంది.
అది పుస్తకాలకు.
మాట్లాడిన మనిషిని వాక్యం పక్కనే కూర్చోబెట్టు.
పేరు, తేదీ.

(చిలువేరి నర్సయ్య, ముఖాముఖి, నవంబరు పద్నాలుగు.)

ఆ రాత్రి చూపిస్తే
అక్షరాలు కూడబలుక్కుని
"నా పేరెందుకు బిడ్డా ఇండ్ల?" అన్నాడు.
నీ మాట తీసుకున్నా కదా, అందుకు.
బ్రాకెట్టు వంపు మీద వేలు పెట్టి
అటూ ఇటూ జరిపి,
"మెడపట్టీ లెక్క ఉన్నది" అన్నాడు.

ఈసారి అంకె పదకొండు.
తక్కువే మంచిదని
మొదటినుంచి విడమరిచి చెప్పాల్సొచ్చింది.
నమ్మలేదు.
చాయ్ మాత్రం తాగించాడు.