రాకుండా పోయిన సముద్రం

మైనస్ నలభై ఎనిమిదిలో సిరా గడ్డకడుతుంది.
అందుకే ఇక్కడ అన్నీ పెన్సిల్‌తోనే రాస్తాం.
మీర్నీ ఊరి చివర, రేకుల షెడ్డులో,
రాతి కడ్డీల పెట్టెల మీద
బోరు నంబరు, లోతు, తేదీ,
కింద నా పేరు: తుయారా.

ఇవాళ పెట్టె తెరిస్తే
నీలం తిరిగిన బూడిదరంగు రాయి,
మంచులో రాలిన అడవిపళ్ళలా
అక్కడక్కడ ఎర్రటి పైరోప్ గింజలు.
గింజలుంటే వజ్రం ఉన్నట్టు కాదు.
వజ్రం ఈ దారినే వచ్చిందేమో అని
ఓ చిన్న ఆశ.

ఈ రాయి ఎక్కడిదని అడిగితే
మా జియాలజిస్టు ఎర్చిమ్ కిందికి చూపించడు,
తూర్పుకి చూపిస్తాడు, విల్యూయ్ నది వైపు.
చేపలు కాళ్ళు మొలిపించుకుంటున్న కాలంలో
అక్కడ భూమి నిలువునా చీలబోయిందట.
చీలిక నిండా బసాల్టు పొంగిందట.
ఇంకొంచెం ఉంటే సముద్రం వచ్చేదే.
రాలేదు.
ఎందుకో నేల మనసు మార్చుకుంది.
గాడిలో ఉప్పు పేరుకుంది, ఇసక పేరుకుంది,
పైన లార్చి చెట్లు లేచాయి.

పైన సద్దుమణిగింది సరే,
అడుగున కదిలినది ఊరుకుంటుందా?
ఖండం వేళ్ళ కింద
లక్షలూ కోట్లూ ఏళ్ళు పాకి పాకి
చీలిక ఊసే ఎరగని గట్టినేల కిందికి చేరి
అక్కడ పేలింది.

కింబర్లైట్ అంటే అదేనంటాడు ఎర్చిమ్,
టీ గ్లాసు చుట్టూ చేతులు కాచుకుంటూ.
నూట యాభై కిలోమీటర్ల లోతు నుంచి
గంటల్లోనో రోజుల్లోనో
ఊపిరి బిగబట్టి ఎగదన్నుకొస్తుందట.
దానికి వజ్రం ఏమీ కాదు.
వజ్రం అంతకు ఎన్నో రెట్లు పాతది,
చీకట్లో తన మానాన తను కూచున్నది.
దారికి అడ్డం ఉంది కాబట్టి
పట్టుకొచ్చి పైన పారేసింది.
నింపాదిగా తెచ్చి ఉంటే
దారిలోనే నల్లబడి
నా చేతిలో పెన్సిల్ ముక్క అయ్యేది.

నాకు ఏడేళ్ళప్పుడు
సున్తార్‌లో మా అమ్మా నాన్నా
ఒక చలికాలమంతా ఇల్లు పంచుకున్నారు.
పొయ్యికి ఇటు ఆమె, అటు ఆయన.
రెండావులు, ఒక గుర్రం, లెక్క కూడా రాసుకున్నారు.
నది కరిగి పడవ రాగానే
ఆయన వెళ్ళిపోవాలి.
పడవ వచ్చింది.
ఆయన వల బాగుచేసుకుంటూ కూచున్నాడు.
ఆ మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

పోయిన నెల, ఇరవై ఆరేళ్ళకి,
ఇక్కడ, నా వంటింట్లో,
చారులో ఉప్పు తక్కువన్నాడు ద్యులుస్తాన్.
అంతే అన్నాడు.
నా నోట వచ్చిన మాటలు
నావి కావు, నా వయసువీ కావు.
పళ్ళెం గోడకి తగిలింది.
ఇద్దరం ముక్కల్ని చూస్తూ నిలబడ్డాం.

వాటిలో మెరిసేదేమైనా దొరికిందా అంటే,
లేదు.
చాలా గొట్టాల్లో వజ్రాలుండవు.
ఇది ఎర్చిమ్ చెప్పింది కాదు,
పెట్టెలు మోసి మోసి నాకే తెలిసింది.

మొన విరిగింది, కత్తితో చెక్కుకున్నాను.
నంబరు వేశాను. లోతు రాశాను.
తేదీ దగ్గర చెయ్యి ఆగింది:
పైకొచ్చిన రోజు వెయ్యాలా,
చీలిన రోజా?