మైనం

ఎయాసి సరస్సు ఎండి తెల్లగా ఉప్పు కక్కే నెలలో
మహియా వెనక నడిచాను.
ఆయన భుజాన గొడ్డలి, మొలలో నిప్పు రాజేసే పుల్లలు.
నా చేతిలో నోటుబుక్కు, అందులో నేనే గీసుకున్న గడులు:
కూత, దూరం, దిక్కు,
చిట్టచివర ఇరుగ్గా ఒకటి, మోసం.

మహియా ఈల వేశాడు.
తుమ్మకొమ్మ మీంచి జవాబొచ్చింది
అగ్గిపెట్టెలో పుల్లలు ఆడించినట్టు.
బూడిదరంగు పిట్ట, చూడ్డానికేమీ లేదు.
ఎగురుతుంది, ఆగుతుంది, వెనక్కి చూస్తుంది,
పిల్లవాడు వేలు పట్టుకు గుంజినట్టు
మమ్మల్ని ముళ్ళకంపల్లోంచి లాక్కుపోతుంది.
తేనె ఉందంది.
ఉంది.

బావోబాబ్ బోదెకి మేకులు కొట్టుకుంటూ ఎక్కాడు, పొగబెట్టాడు,
మోచేతుల దాకా తేనెతో దిగాడు.
మనవరాలు ఎండేకో, ఏడేళ్ళది,
ఈగపిల్లలతో సహా నమిలి
నా నోట్లోనూ ఒక ముక్క కుక్కింది.
మిగిలిన మైనమంతా ఏరి మహియా నిప్పులో వేశాడు.
రాలిన పొడిని కాలితో మట్టిలోకి తొక్కాడు.
పిట్టకు కావలసింది ఆ మైనమే.
"దాని కడుపు నిండితే ఇంకో చెట్టు చూపిస్తుందా?"
అన్నాడు వేళ్ళు నాక్కుంటూ, సిగ్గేమీ లేకుండా.

మైనం పెట్టనివాణ్ణి ఆ పిట్ట పాము దగ్గరికి తీసుకెళ్తుందని
అవతలి గుట్టవాళ్ళు చెప్పుకుంటారట.
మహియా నవ్వాడు,
"పాముకీ తొర్ర కావాలిగా."

మర్నాడు ఎండేకో నన్నొక బొరియ దగ్గరికి తీసుకుపోయింది.
పసిరిక పిట్టల గూడు.
అద్దంతో ఎండని లోపలికి పంపాను.
ఒకే ఒక్క కూన కదులుతోంది. ఈకల్లేవు, కళ్ళు తెరవలేదు,
ముక్కు చివర రెండు కొక్కేలు.
దాని పక్కన మూడు పసిరిక కూనలు, ఒంటినిండా గాట్లు, చల్లగా.
తల్లి పసిరిక తూనీగతో వచ్చి, నన్ను చూసి బెదిరి,
మళ్ళీ వచ్చి
ఆ కొక్కేల మధ్య పెట్టి వెళ్ళింది.
మాకు తేనె చూపించిన పిట్ట జాతి బిడ్డే ఇది.

కలం తీశాను. ఎవరి పేరున రాయను?
గుడ్డు పెట్టినామె గుడ్డే పెట్టింది, మాటేమీ ఇవ్వలేదు.
కూన చీకట్లో తగిలినదాన్నల్లా కొరికింది.
వెలుగు మొహమే చూడనిది
మారువేషం ఎవరికోసం వేస్తుంది?
పసిరిక నమ్మి పెట్టిందా?
నోరు తెరుచుకుంటే ముక్కు వంగుతుంది, అంతేనేమో.
నమ్మకమనేది నేను మా ఊరి నుంచి మోసుకొచ్చిన సామాను.
దాన్ని కింద పెట్టేస్తాను, సరే.
కింద పెట్టినా
ఆ మూడూ లేచి కూర్చోవు.

ఎండేకో బొరియలోకి తొంగిచూసి
"బాగా బలిసింది" అంది.

చెప్పని సంగతొకటుంది.
మూడోనాడు ఒంటరిగా వెళ్ళాను.
మహియా ఈలని ముందే పట్టి ఉంచిన పెట్టె నా భుజాన.
మీట నొక్కాను.
పిట్ట వచ్చింది.
అదే తొందర, అదే వెనక్కి చూడ్డం,
గంటసేపు వాగుల వెంట తిప్పి ఒక చెట్టు మీద వాలి
కూత మార్చింది. ఇదిగో, ఇక్కడే.
నా దగ్గర గొడ్డలి లేదు, నిప్పు లేదు.
నాక్కావలసింది తేనె కాదు, లెక్క.
అడుగులు కొలుచుకున్నాను, టైము వేసుకున్నాను.
పిట్ట ఒక కొమ్మ కిందికి దిగింది.
తొర్రని చూసి, నన్ను చూసి,
మతిమరుపువాడికి గుర్తు చేస్తున్నట్టు మళ్ళీ కూసింది.
నలభై నిమిషాలు.

ఆ రాత్రి దీపం ముందు కూర్చుని
చివరి గడిలో రాయబోయాను.
మహియా పేరు అప్పటికే ఉందక్కడ,
కూన పేరు, పక్కన ప్రశ్నార్థకం.
ఇంక చోటు చాల్లేదు.
పక్కన కొత్త గడి గీశాను.
దానికి 'పద్ధతి' అని పేరు పెట్టి
నా సంగతి అందులో రాసుకున్నాను.