అంకెల్లేని పొట్లం

ఆటోనగర్, జూన్ పదో తారీఖు.
వేట నిషేధం తీరడానికి ఇంకా నాలుగు రోజులు.
జాలారిపేట నించి మైలపిల్లి ఎర్రయ్య
గోనెసంచిలో షాఫ్టు మోసుకొచ్చి బల్ల మీద దించాడు.
బోటు గేరుబాక్సుది. కొలిమీ నూనెతొట్టీ చూసొచ్చిన ఉక్కు,
అరవై రాక్‌వెల్.
ఆకురాయి దాని మీద
గాజు మీద గోరులా జారిపోయింది.

పరదేశి మేస్త్రికి చెవులు పోయి ఏడేళ్లు.
లేతు మూలిగినా అరిచినా ఒకటే ఆయనకి.
హెడ్‌స్టాక్ మీద అరచెయ్యి ఆనిస్తాడు,
ట్రేలో రాలిన చిప్పొకటి ఏరి
కిటికీ వెలుగుకి పెడతాడు.
"పనిముక్క అబద్దమాడతాది.
రాలింది ఆడదు."

ఆయన టీకి వెళ్లాడు.
నేను తొందరపడ్డాను.
నిమిషానికి రెండువందల ముప్పై మీటర్లు,
లోతు పాయింటు రెండు,
చుక్క నూనె లేని పొడి కోత.
అంచు నించి ఎర్రటి దారమొకటి లేచి
గాలిలోనే నల్లబడి రాలింది.
చల్లారాక చూస్తే
ఒకవైపు అద్దం. ఇంకోవైపు రంపం,
వంజరం వెన్నుముల్లులా
పన్ను పక్కన పన్ను.

గట్టి ఉక్కు మెత్త ఉక్కులా పారదు.
ముందు పగుల్తుంది, ఆ తర్వాత జారుతుంది,
జారినచోట పుట్టిన వేడికి
తనకి తానే మళ్లీ అతుక్కుంటుంది.
రెప్పపాటులో కొన్ని వేలసార్లు ఇదే,
అందుకే ఆ పళ్లు.
ఇవన్నీ నాకు డిప్లొమా పుస్తకంలో తెలుసు.
ఇన్సర్టు మూల నలిగిందని మాత్రం
షాఫ్టు మీద గీత పడ్డాకే తెలిసింది.

భయపడి ఎనభైకి దించాను.
ఈసారి తెగని రిబ్బను,
ఎండుగడ్డి రంగు,
చక్కుకి చుట్టుకుని నా చేతి గ్లౌజు లాగబోయింది.

మేస్త్రి వచ్చాడు. ఏమీ అనలేదు.
బీరువా మీది బిస్కెట్ల రేకుడబ్బా దించాడు.
క్యాలెండరు కాగితాల పొట్లాలు,
ఒక్కోదాని మీద పెన్సిలుతో
స్పీడు, ఫీడు, గట్టిదనం.
విప్పితే నలభై ఏళ్ల రాలుడు.
ఫీడు పెరిగినచోట పళ్లు ఎడమైనవి,
తగ్గినచోట చీమ కొరికినట్టున్నవి.
గడ్డి రంగు, తేనె, నేరేడు,
ఆ పైన
తుపాను ముందర సముద్రం.

ఒక పొట్లం మీద అంకెల్లేవు.
లోపల చిప్పు, అచ్చం నాదే.
సుద్దముక్కతో నేల మీద రాశాను: ఇదేటి?

"సెడిపోయిన షాఫ్టుది.
అంకెలు రాస్తే ఎవడో ఒకడు మళ్లీ పెడతాడని
రాయనేదు."

కింద ఇంకో వరస రాశాను:
రాయకపోబట్టే కదా నేను పెట్టాను.

చదివాడు.
కళ్లద్దాలు తుడుచుకుని ఇంకోసారి చదివాడు.
చెప్పుతో చెరిపేస్తాడనుకున్నాను.

కొత్త ఇన్సర్టు బిగించి నూటముప్పై పెట్టాం.
గీత లోతు తక్కువే, తర్వాతి కోతలో పోయింది.
నేరేడు రంగు చిన్న చిన్న తునకలు
ట్రేలో టిక్కు టిక్కుమన్నాయి.
నా చెయ్యి పట్టుకుని, లేతు ఆపి, షాఫ్టు మీద పెట్టించాడు.
గోరువెచ్చన.
"మంటంతా అది మోసుకుపోనాది," అన్నాడు
ట్రే వైపు గెడ్డం చూపించి.

ఎర్రయ్య షాఫ్టు ఎత్తుకుని
ఆటోకోసం గొడవపడుతుంటే
మేస్త్రి పెన్సిలు నా ముందు పెట్టాడు.
ఆ పాత పొట్లం మీద రాశాను:
రెండువందల ముప్పై. పాయింటు రెండు. వద్దు.
వేలు ఎక్కడ తెగిందో తెలీదు,
సున్నా పక్కన చిన్న ఎర్రమచ్చ.