మూలమట్టం

త్యాగరాజనగర్‌లో మూడో అంతస్తు.
మునియప్ప మూలమట్టం గోడకి ఆనించి నవ్వాడు.
"తొంభై లేదు మేడమ్, ఎనభైతొమ్మిదుంటే ఎక్కువ.
కట్టినోడు ఆ పొద్దు తొందర్లో ఉండాడు."

కాత్యాయని గారు ఫోన్ తీసి బొమ్మలు చూపించారు.
తెల్లటి సోఫా, తెల్లటి గోడ,
తెల్లటి గిన్నెలో ఎవరూ పిండని మూడు నిమ్మకాయలు.
"ఇలా కావాలి" అన్నారు,
ఆసుపత్రిలో తన పేరు పిలిచేదాకా
కూర్చున్న మనిషి గొంతుతో.

నేను కాదనలేదు.
నా పని కొలవడం.
టేపు లాగితే ఈ చివర పదడుగుల నాలుగంగుళాలు,
ఆ చివర పదడుగుల ఒకటిన్నర.
మధ్యలో జారిపోయిన రెండున్నర అంగుళాలు
ఎక్కడున్నాయో గోడనే అడగాలి.

ముందు తీసేయడంతో మొదలుపెట్టాను.
కప్పు కింద ఒక దొంగకప్పు, దానికి ముప్ఫై ఆరు దీపాలు.
దింపేశాం. గదికి అడుగు ఎత్తు తిరిగొచ్చింది.
నేల మీద చెక్కలా నటిస్తున్న షీటు.
చుట్టేశాం. కింద ఎర్రగచ్చు.
ఏళ్ళ తరబడి మంచం ఉన్నచోట
ఎండ తగలని నలుపలకల ఎరుపు,
వంటింటి గడప నుంచి బాల్కనీ దాకా
ఒక పగులు.

"టైల్స్ వేసేద్దామా?" అన్నారావిడ, మెల్లిగా.
మునియప్ప గొంతుక్కూర్చుని
పగులు పొడవునా గోరు నడిపించాడు.
"ఇది పెరిగే పగులు కాదమ్మా.
ఎప్పుడో నిలిచిపోయింది. ఇల్లు సర్దుకునింది, అంతే."
సర్దుకోవడం అనే మాటకి
ఇరవై ఏళ్ళుగా నేను బీరువా అర్థమే చెప్పుకుంటున్నాను.

కొబ్బరినూనె పట్టించి, పాత లుంగీ గుడ్డతో
రెండు రోజులు రుద్దాడు.
పగులు పోలేదు. మెరిసింది.

గోడలకి సున్నం. రంగుల కార్డులో దానికేదో
నోరు తిరగని ఇంగ్లీషు పేరుంది.
"తరవాణి రంగు" అన్నాను.
ఆవిడ మొదటిసారి నవ్వారు.
కుంచె ఆగి మళ్ళీ కదిలిన చోట్లు
సాయంత్రపు ఏటవాలు ఎండలోనే బయటపడతాయి,
మధ్యాహ్నం అడిగితే గోడ ఒప్పుకోదు.

బీరువా మాత్రం నిక్కచ్చిగా వచ్చింది.
చోగారామ్ చేతిలో చెక్క అబద్ధం చెప్పదు.
అందుకే వంకర గోడకీ దానికీ మధ్య
చివర రెండున్నర అంగుళాల సందు.
పట్టీ కొట్టి మూసేస్తానన్నాడు. వద్దన్నాను.
"దుమ్ము చేరుతుంది" అన్నారు కాత్యాయని గారు.
చేరుతుంది. దానికి నా దగ్గర జవాబు లేదు.
బీరువా లోపలి చెక్క మీద అతను పెన్సిల్‌తో వేసుకున్న
మార్వాడీ లెక్కలు చెరపకుండా వదిలేశాం,
కూడికలో తప్పుతో సహా.

మూడు నెలల తర్వాత వెళ్ళాను, చివరి చెక్కు కోసం.
సందులోంచి ఆవిడ రెండు చేతులా
ఏదో బయటికి లాగుతున్నారు.
క్యారమ్ బోర్డు.
బ్యాంకు పోటీల్లో జోనల్ రన్నరప్పట, తొంభై ఆరులో.
ఆ తర్వాత ఏ ఇంట్లోనూ దానికి చోటు కుదరలేదట.
"ఇక్కడ అతికినట్టు సరిపోయింది, చూశారా?"
చూశాను. నేను గీసిన ఏ గీతలోనూ అది లేదు.

స్టూలు మీద బోర్డు పెట్టి, ఒక కన్ను మూసి చూసి,
"దీనికి మాత్రం మట్టం కుదరాలి" అని
రంగుల కార్డు నాలుగు మడతలు పెట్టి
ఒక కాలి కింద దోపారు.

నేను మూడు కాయలు వేశాను.
ఆవిడ ఎర్రకాయ వేసి, వెంటనే ఫాలో వేసి,
లేచి దీపం వెలిగించారు. ఒక్కటే.
బయట వాన మొదలవుతోంది.
బోర్డు అంచు నుంచి పౌడరు గచ్చు మీద రాలింది,
కొంచెం పగుల్లోకి కూడా.
ఎవరం తుడవలేదు.