మచ్చు గౌను

మంచి గుడ్డ ముట్టుకోలేదింకా.
చిక్కపేటలో బేరమాడి కొన్న నెమలికంఠం రంగు పట్టు
కాగితం మడతలోనే ఉంది, బీరువా పైన.
ముందు ఇది:
గంజి వాసన వదలని కోరా గుడ్డ, మూడున్నర గజాలు,
తప్పులు చేయడానికని కొన్నది.

శ్రీరామపురంలో, మెట్ల కింద నా మిషను.
గంగరత్నమ్మ డ్యూటీ దిగి ఖాకీ చొక్కాతోనే వస్తుంది.
ఇరవై తొమ్మిదేళ్లు సిటీ బస్సులో టికెట్లు చింపిన మనిషి.
నెలాఖరుకి డిపోలో సన్మానం.
"చీరొద్దమ్మీ. ఖాకీ అసలే వద్దు.
మడమల దాకా గౌను కుట్టు.
జేబు మాత్రం మరిచిపోవద్దు."

కొలతలు రాసుకున్నాను.
టేపు అబద్ధం చెప్పదు,
కానీ అడిగినదానికే జవాబిస్తుంది.
రెండు భుజాలూ ఒకటేనా అని నేను అడగలేదు.

మచ్చు తొడిగించగానే
మెడ దగ్గర్నుంచి ఎడమ చంకలోకి ఒక ముడత,
ఏటవాలుగా, వాన నీరు దారి వెతుక్కున్నట్టు.
కింది అంచు ఒక పక్క నేలని చూస్తోంది,
ఇంకో పక్క గోడ గడియారాన్ని.
"నా కుట్టే వంకర పోయింది" అన్నాను.
ఆమె అద్దంలోకి వంగి చూసి,
"కాదులే. అది సంచి" అంది.

తోలు సంచి. చిల్లర బరువు.
పావలాలు చెల్లిన రోజుల నుంచీ
కొంచెం కొంచెంగా, ముప్పావు అంగుళం దిగిన భుజం.

దూది మెత్త పెట్టి సమం చేద్దామనుకున్నాను.
పెట్టాను. ముడత పోయింది.
అద్దంలో ఇంకెవరో నిలబడ్డారు,
ఫోటో స్టూడియోలో గడ్డం పట్టి సర్దిన మనిషిలా.
ఆమె ఏమీ అనలేదు.
మెత్తను రెండు వేళ్లతో బయటికి లాగి
మిషను బల్ల మీద పెట్టింది, చిల్లర తిరిగిచ్చినట్టు.

సరే. భుజం కుట్టు విప్పాను.
ఎడమ పక్క ముప్పావు దించాను,
పళ్ల మధ్య గుండుసూదులు,
"ఊ" అంటే తిరగాలి, "ఊఊ" అంటే ఆగాలి.
మెడ కింద గుడ్డ మెల్లగా పడుకుంది.

గెలిచాననుకున్నాను.
ఆమె కుడి చెయ్యి పైకెత్తి
లేని కడ్డీ పట్టుకుంది, కాళ్లు జానెడు ఎడం చేసింది.
గౌనంతా చేతి వెంట లేచిపోయింది, పిక్కలు బయటపడ్డాయి.
"సన్మానంలో బస్సు కడ్డీ ఎక్కడుంటుందక్కా?"
"నేను నిలబడేదే ఇట్లా కదమ్మీ."

చెయ్యి లేవకపోతే చంక కింద ఇంకా తవ్వబుద్ధేస్తుంది ఎవరికైనా.
నేనూ ఏళ్ల తరబడి తవ్వాను,
రెక్క విరిగిన రవికెలిచ్చాను ఎంతమందికో.
హిందూపురం మహబూబ్ మేస్త్రి ఒకరోజు
కత్తెర నా చేతిలోంచి లాక్కుని చెప్పాడు:
చంక పైకి తే. ఒంటికెంత దగ్గరుంటే చేతికంత వదులు.

కోరా ముక్క అతికించాను.
ఎర్ర పెన్సిలుతో గీత, బాణం, అరంగుళం,
తప్పు, కొట్టివేత, మళ్లీ బాణం.
రాత్రి తొమ్మిదింటికి ఆమె చెయ్యెత్తింది.
అంచు కదల్లేదు.
రెండోసారి ఎత్తి, గొంతు నిండా
"ముందక్ హోగ్రీ!" అని అరిచింది.
పై మెట్ల మీద పోతున్న పిల్లవాడెవడో
నిజంగానే గబగబా ముందుకు జరిగాడు.

"దీన్నే ఇచ్చెయ్, ఇంట్లో తొడుక్కుంటా" అంది వెళ్తూ.
ఇవ్వలేదు. విప్పితేనే ఇది కొలత అవుతుంది.

పొద్దున్నే కుట్టు కుట్టూ విప్పి, ఇస్త్రీ చేసి,
ముక్కల్ని పట్టు మీద పరిచాను.
ఎడమ భుజం ఒక తీరు, కుడి భుజం ఒక తీరు.
గుడ్డ మడిచి ఒకే దెబ్బకి కత్తిరించడం కుదరదు,
దేనికది, ఒంటి పొర మీదే.
కత్తెర తెరిచాను.

జేబు.

కత్తెర మూసి ఫోన్ చేశాను.
"ఏ పక్క పెట్టమంటావక్కా?"
విజిల్, హారన్, ఎవరో చిల్లర కోసం తగువు,
ఆ సందట్లో ఆమె ఏదో చెప్పింది, వినపడలేదు.
రెండు పక్కలా గుర్తు పెట్టుకున్నాను.