నలభైరెండో నంబరు తీగ

దస్తగిరి అంగడి ముందర
కాలిపోయిన బోరు మోటార్లు బోర్లా పడి ఉంటాయి,
బంగారుపాళెం మామిడితోటల నుంచి
ఆటోల్లో వచ్చినవి.
వాటి మధ్య నేను,
పాత చీరలో చుట్టిన బేస్ గిటారు పట్టుకొని.

"ఏంది పాపా, నాలుగు తీగల వీణా?"
"వీణ కాదన్నా. దీనికి గొంతు పోయింది."

మూత విప్పి పికప్ చూపించాను.
అద్దం కంటికి తగిలించుకొని చూసినాడు,
అయస్కాంతాల చుట్టూ తెగిన రాగి వెంట్రుకలు.
"ఇంత సన్నంది నేను పుట్టినాక చుట్టలేదు."

మద్రాసులో అద్దాల వెనక చూడకపోలేదు నేను.
అయిదు తీగలవి, ఆరు తీగలవి,
వెలచీటీ తిప్పి చూస్తే
మూడు పెళ్ళిళ్ళ సీజన్లు దాని మీదే.
కీబోర్డు సుందరరాజు చెప్పినాడు,
బ్యాటరీతో పలికే పికప్ వేయించుకో సలోమీ, గంటలా ఉంటాదని.
ఒకసారి అడిగి తెచ్చుకొని వాయించాను కూడా.
పలమనేరు పెళ్ళిలో, తాళి కట్టే వేళకి,
బ్యాటరీ చచ్చింది.
ఒక్క మనిషీ గమనించలేదు.
డోలక్ యేసుపాదం మాత్రం
చీకట్లో చివరిమెట్టు దొరకని వాడిలా
నా దిక్కు చూసినాడు.

అందుకే ఇది.
ఒళ్ళు పనస చెక్క,
గ్రీమ్స్‌పేటలో పడగొట్టిన ఇంటి తలుపు.
గడియ పెట్టిన రంధ్రాన్ని పూడ్చనీయలేదు,
అందులోంచే వాల్యూమ్ గుబ్బ తీయించాను.
బరువే. ఎడమ భుజం మీద
పట్టీ అచ్చు పుట్టుమచ్చయిపోయింది.
తీగలు కొత్తవి కొనలేక
అన్నం గిన్నెలో వేసి ఉడకబెడతాను,
చెమట, మైలా, మూడేళ్ళ పాటలూ నీళ్ళలోకి దిగుతాయి.
ఆ గిన్నె అమ్మ మళ్ళీ పొయ్యెక్కించలేదు.

"ఎన్ని చుట్లు?"
"తొమ్మిది వేలు."
"ఫ్యానుకయితే వందల్లో పోయేది!"
అని మిషను ముందు కూర్చున్నాడు.
దాని లెక్క ముళ్ళు వెయ్యికి సున్నా అయిపోతాయి,
అందుకని వెయ్యికొక సుద్దగీత గోడ మీద.
బయట బస్సు పోతే ఆగినాడు,
తుమ్ము వస్తే ముక్కు పట్టుకొని ఆగినాడు.
తీగ కనపడదు, వేళ్ళ మధ్య మెరుపొక్కటి కదులుతుంది.
టీ వచ్చింది, మీగడ కట్టింది.
ఏడో గీత దాటినాక
ఎక్కడో, చప్పుడే లేకుండా,

తెగిపోయింది.

"మళ్ళా మొదట్నించీ చుట్టాల" అన్నాడు,
నా మొహం చూడకుండా.
గోడ మీద ఏడు గీతలు.
మిషను మీద ఆరువందల పద్నాలుగు.
చాలన్నా, అక్కడే కట్టెయ్, అన్నాను.
మీటరు ఆరు కిలో ఓముల దగ్గర వణికి నిలబడింది.
తక్కువ చుట్లయితే గొంతు చిన్నదవుతుంది,
కానీ మాట తేటగా ఉంటుందని
నాకు నేను చెప్పుకున్నాను.
కొంచెం భయమేసింది కూడా.

పక్కింటి మైక్‌సెట్టు వాళ్ళు ఆంప్ ఇచ్చారు,
పదిహేను అంగుళాల స్పీకరు పెట్టెతో సహా.
రెండు ఎన్నికలు అరిచిన పెట్టె,
కాగితం చినిగిన చోట గమ్ము, సిగరెట్టు పేక అట్ట.
తీగ తగిలించీ తగిలించగానే
ఊరి కరెంటంతా అందులో దూరి మూలిగింది.
దస్తగిరి వేలు బ్రిడ్జి మీద పెట్టినాడు, మూలుగు ఆగింది.
తీసినాడు, మొదలయింది.
"ఎర్త్ లేదు పాపా. మోటారుకైనా, మనిషికైనా కావాల గదా."
బ్రిడ్జి కింద చిన్న తీగ ముక్క దాచి సోల్డరు పెట్టినాడు.

అప్పుడు లావు తీగను
ఒక్కసారి, బొటనవేలితో.

బల్ల మీద మరలూ నట్లూ
నిదానంగా అంచు వైపు నడిచాయి.
టీ గ్లాసులో మీగడ ముడతలు పడింది.
దస్తగిరి పెట్టె మీద అరచెయ్యి ఆనించి,
బాగుచేసిన మోటారును ఎట్ల పట్టి చూస్తాడో అట్లనే,
చాలాసేపు ఉన్నాడు.
"బేరింగు బాగుండాది" అన్నాడు.

బిల్లు పుస్తకంలో దీనికి గడి లేదు.
కాసేపు పెన్ను నమిలి రాసినాడు:
సీలింగు ఫ్యాను, ఒకటి.